ఇరవై సెకన్ల తిరుగుబాటు

మెడలో స్టెతస్కోపు వేసుకుని వార్డుల్లో పరుగులు తీస్తున్న హౌస్ సర్జన్లారా! తెల్లారుజామున ఇంజెక్షన్ ట్రే సర్దుకుంటున్న నర్సింగ్ విద్యార్థినులారా! ల్యాబుల్లో కల్చర్ ప్లేట్ల మీద వంగిపోయిన టెక్నీషియన్లారా! బమాకోలో, కంపాలాలో, ఫ్రీటౌన్‌లో, పట్నాలో, మన కర్నూలులో, మన వరంగల్‌లో... డబ్బు చాలని దేశాల్లో, మంచాలు చాలని ఆసుపత్రుల్లో ఈ ఏడో నిరుడో అడుగుపెట్టిన నా తరమా! నీతో ఒక విషయం తేల్చుకోవాలి. మెల్లగా చెప్పే ఓపిక అయిపోయింది.

ఎంత చదివాం! హాస్టల్ గదుల్లో పొద్దు పొడిచిందో గుంకిందో తెలియకుండా చదివాం. లక్షల మందితో పోటీ పడి సీటు తెచ్చుకున్నాం. ఒంట్లో ఏ నరం ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కొత్తగా వచ్చిన మందు పేరు ప్రొఫెసర్ కంటే ముందు మన ఫోనుకే తెలుస్తుంది. ఇంత తెలివి, ఇంత సత్తువ, ఇంత ఆవేశం! తీరా చూస్తే ఒక మంచానికీ ఇంకో మంచానికీ మధ్య ఉన్న నాలుగడుగుల దూరంలో రెండు చేతులు శుభ్రం చేసుకోవడం మనకు చేతకాలేదు! ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

లెక్క వినండి. సంక్రమణల నివారణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన మొదటి ప్రపంచ నివేదిక విడుదల చేసింది. సంపన్న దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ఏడుగురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి, ఉన్న జబ్బు చాలదన్నట్టు ఆసుపత్రిలోనే కొత్త ఇన్‌ఫెక్షన్ అంటుకుంటోందట. అలా అంటుకున్న ప్రతి 10 మందిలో ఒకరు ప్రాణాలతో ఇంటికి పోవడం లేదట. ఇదంతా చేతుల పాపమే కాదు, నిజమే. కానీ చేతులే మొదటి దారి, అన్నిటికంటే చవకగా మూయగల దారి. ఆ దారిని మనం ఎంత మూశాం? చావుబతుకుల్లో ఉన్న రోగుల దగ్గర, పేద దేశాల్లో, చేతుల శుభ్రత పాటింపు సుమారు 9 శాతం! తొమ్మిది! వందసార్లు శుభ్రం చేసుకోవాల్సిన చోట తొంభై సార్లకు పైగా మురికి చేతులతోనే మనిషిని ముట్టుకున్నాం! పరీక్షలో నూటికి తొమ్మిది వస్తే తలెత్తుకుని తిరగగలిగామా ఎప్పుడైనా? మరి వార్డులో నూటికి తొమ్మిది తెచ్చుకుని క్యాంటీన్‌లో నవ్వుతూ టీ ఎలా తాగగలుగుతున్నాం?

ఒక్కసారి ఆ వార్డులోకి రండి. మీకు తెలియని వార్డు కాదు. పొద్దున తొమ్మిదిన్నర, రౌండ్స్ మొదలయ్యాయి. ముందు పెద్ద డాక్టరుగారు, వెనకాల అసిస్టెంట్లు, వాళ్ల వెనకాల పీజీలు, అందరికంటే వెనకాల కేస్ షీట్లు మోస్తూ మనం. మొదటి మంచం మనిషికి కుట్ల దగ్గర చీము. కట్టు విప్పి, వేలితో అదిమి చూశారు. అదే వేలు రెండో మంచం మనిషి పొట్ట మీదికి పోయింది. అదే వేలు మూడో మంచం దగ్గర మూత్రం సంచి ఎత్తి చూసింది. అదే వేలు నాలుగో మంచం మీది ముసలాయన చేతికున్న క్యాన్యులాను కదిపింది. మంచానికి ఇద్దరున్న చోట ఒక్క చెయ్యే ఇద్దరికీ సరిపోయింది. వార్డు చివర సింకు ఉంది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి. నీళ్లొచ్చిన రోజు సబ్బుండదు. సబ్బున్న రోజు అది నీళ్లలో నాని గుజ్జయిపోయి ఉంటుంది. పక్కనే మేకుకు ఒక తువ్వాలు. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లంతా తుడుచుకున్నదే. దాన్ని పట్టుకున్నామా, కడిగిన చేతికి వార్డు మురికంతా తిరిగి అంటినట్టే!

మరి నీళ్లక్కర్లేని హ్యాండ్ రబ్ సీసా? అది బీరువాలో భద్రంగా ఉంది. తాళం వేసి ఉంది. ఇన్‌స్పెక్షన్ టీము వస్తోందంటే మంచానికొకటి చొప్పున వరసగా బయటికి వస్తాయి. టీము కారెక్కగానే లెక్క చూసుకుని లోపలికి పోతాయి. తనిఖీకి సీసా ఉంది, రోగికి లేదు! కాగితం మీద శుభ్రత ఉంది, చేతి మీద లేదు! ఇది చూస్తూ కూడా మనకు ఒళ్లు మండలేదంటే మన ఒంట్లో ఉన్నది నెత్తురేనా?

పాఠం రాకనా? నోటికొచ్చు! చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు. రోగిని తాకే ముందు. సూది గుచ్చడం, గొట్టం వేయడం, కట్టు కట్టడం లాంటి శుభ్రమైన పనికి ముందు. రక్తమో చీమో మూత్రమో అంటే అవకాశమున్న పని అయ్యాక. రోగిని తాకాక. మంచం కమ్మీ, దుప్పటి, మానిటర్ లాంటివి, రోగి చుట్టూ ఉన్నవి తాకాక. అర్ధరాత్రి అడిగినా వల్లిస్తాం. అరచేతులు, చేతి వెనక భాగం, వేళ్ల సందులు, బొటనవేళ్లు, వేళ్ల కొసలు అంటూ డెమో కూడా అందంగా చేసి చూపిస్తాం. అయితే వార్డుల్లో నిలబడి ఎవరు ఎప్పుడు కడిగారో లెక్క రాసుకున్న పరిశీలకులకు దేశదేశాల్లో పదేపదే కనిపించిన సంగతి ఒకటుంది. సిబ్బంది రోగిని తాకాక కడుక్కున్నంతగా, తాకే ముందు కడుక్కోరు!

దీని అర్థమేమిటో ఆలోచించారా? తాకాక కడిగితే కాపాడుకునేది మనల్ని. తాకే ముందు కడిగితే కాపాడేది రోగిని. అంటే చేతులు ఎలా కడగాలో మనకు భేషుగ్గా వచ్చు. ఎప్పుడు కడగాలో వచ్చు. ఎవరి కోసం కడగాలన్న దగ్గరే తప్పిపోయాం! మన ప్రాణం గుర్తుంది, మంచం మీది ప్రాణం గుర్తులేదు. ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. చాలాచోట్ల నర్సుల కంటే డాక్టర్లే తక్కువ కడుగుతారని తేలింది. ఎక్కువ చదివినవాళ్లం మనమే, ఎక్కువ జీతం మనదే, ఎక్కువ మురికి చేతులూ మనవే!

ఈ మురికికి చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనలాంటి కుర్రవాళ్లే దోషులు, మనలాంటి కుర్రవాడే వీరుడు. 1840ల్లో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండోదాంట్లో మంత్రసానులు. 1846లో మంత్రసానుల విభాగంలో కాన్పు కోసం వచ్చిన తల్లుల్లో మూడు శాతం లోపే చనిపోతే, డాక్టర్ల విభాగంలో 11 శాతానికి పైగా చనిపోయారు. ఆ విభాగం పేరు చెబితే గర్భిణులు గజగజ వణికేవాళ్లు, అందులో చేర్చవద్దని కాళ్లావేళ్లా పడేవాళ్లు. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. గాలి అన్నారు, భయం అన్నారు, రద్దీ అన్నారు. అక్కడ పనిచేస్తున్న ఇగ్నాజ్ సెమెల్వైస్‌కు అప్పుడు 28 ఏళ్లు. మన పీజీల వయసు! 1847 మార్చిలో ఆయన మిత్రుడు, ఫోరెన్సిక్ ప్రొఫెసర్ యాకోబ్ కొలెచ్కా, శవపరీక్షలో ఒక విద్యార్థి కత్తి వేలికి తగిలి, బాలింత జ్వరంతో పోయిన తల్లుల్లాగే చనిపోయాడు. సెమెల్వైస్‌కు కళ్లు తెరుచుకున్నాయి. పొద్దున శవాలు కోసిన చేతులే కాసేపట్లో కాన్పు గదిలోకి వస్తున్నాయి. మంత్రసానులు శవాలు కోయరు!

ఆ మే నెలలో గుమ్మం దగ్గర క్లోరిన్ సున్నం కలిపిన నీళ్లు పెట్టించి, చేతులు కడగనిదే లోపలికి పోవద్దన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ నాటికి సుమారు 2 శాతానికి పడిపోయాయి! యాంటీబయాటిక్ లేదు. సూక్ష్మజీవి సిద్ధాంతం ఇంకా స్థిరపడలేదు. మైక్రోస్కోపు సాక్ష్యం లేదు. ఒక తొట్టి, ఒక యువకుడి మొండిపట్టు. అంతే! దానికి ఆ కాలపు పెద్దలిచ్చిన బహుమానం ఏమిటి? వెక్కిరింత. డాక్టరు చేతులు మురికివంటావా అని కోపం. కొలువు కొనసాగలేదు. చివరికి 1865లో, 47 ఏళ్లకే, ఒక పిచ్చాసుపత్రిలో ఆయన చనిపోయాడు.

ఆయన్ని వెక్కిరించినవాళ్ల పేర్లు ఇవాళ ఎవరికి కావాలి? ఆయన పేరు పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న! ఆ ప్రశ్నకు జవాబు రాసి, పరీక్ష హాల్లోంచి బయటికొచ్చి, లేబర్ రూములో కడగని చేత్తో గ్లౌజు తొడుక్కుంటున్న మనల్ని ఏమనాలి? అప్పటివాళ్లకు తెలియదు. మనకు తెలుసు. తెలియక చంపడం విషాదం. తెలిసీ కడగకపోవడాన్ని ఏ పేరుతో పిలవాలో మీరే చెప్పండి!

మీ నోట్లో జవాబులు సిద్ధంగా ఉన్నాయని తెలుసు. నీళ్లు లేవంటారు. సీసా లేదంటారు. తీరిక లేదంటారు. గ్లౌజులున్నాయిగా అంటారు. ఒక్కొక్కటే తేల్చుకుందాం.

నీళ్లు లేవు. నిజం! పచ్చి నిజం! ప్రపంచంలో దాదాపు సగం ఆసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో వైద్యం చేసే చోటా మరుగుదొడ్ల దగ్గరా సబ్బూ నీళ్లో హ్యాండ్ రబ్బో లేవని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పాయి. అలాంటి చోట్ల వైద్యం చేయించుకుంటున్నవాళ్లు సుమారు 385 కోట్ల మంది! ఇది నర్సు బద్ధకం కాదు, పాలకుల నేరం. మార్బుల్ ఫ్లోరింగుకు డబ్బుంటుంది, శిలాఫలకానికి డబ్బుంటుంది, స్కానింగ్ యంత్రం ప్రారంభోత్సవానికి పూలదండలకు డబ్బుంటుంది, వార్డులో సబ్బుకు ఉండదు! అయితే ఆ నేరాన్ని రోజూ కళ్లారా చూస్తూ మనం ఏం చేశాం? జూనియర్ డాక్టర్లం! స్టైపెండు ఆగితే రోడ్డెక్కాం. మన మీద దాడి జరిగితే విధులు బహిష్కరించాం. రెండూ న్యాయమే, చేయాల్సిందే. కానీ సబ్బు కోసం ఒక్కరోజైనా బైఠాయించామా? వార్డులో కుళాయి పనిచేయాలని మన వినతిపత్రంలో ఒక్క డిమాండైనా రాశామా? సూపరింటెండెంట్ బల్ల మీద ఖాళీ సీసాలు వరసగా పేర్చి, ఇవి నిండేదాకా కదలమని ఎప్పుడైనా కూర్చున్నామా?

డబ్బు లేనంత మాత్రాన దారి మూసుకుపోదని ఆఫ్రికా దేశాలు చూపించాయి. ఘనాలో వెరోనికా బెకో అనే జీవశాస్త్రవేత్త పేరు మీదుగా వెరోనికా బకెట్ ఉంది. మూత ఉన్న బకెట్, అడుగున ఒక కుళాయి, కింద స్టూలు, వాడిన నీళ్లు పడటానికి ఒక బేసిన్. అంతకుమించి ఏమీ లేదు! పైపు లైను రాని చోట పారే నీళ్లు పుట్టించింది ఆ బకెట్. పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు ఇలాంటి బకెట్లే క్లోరిన్ నీళ్లతో ఆసుపత్రి గుమ్మాల్లో నిలబడ్డాయి. మన బజారులో ప్లాస్టిక్ బకెట్ దొరకదా? కుళాయి బిగించే ప్లంబరు దొరకడా? దొరకనిది మన పట్టుదలే!

సీసా లేదు. మాలి దేశం సంగతి వినండి. భూమ్మీద అతి పేద దేశాల్లో అదొకటి. రాజధాని బమాకోలో పాయింట్ జి ఆసుపత్రి. అక్కడ లెక్క తీస్తే చేతుల శుభ్రత 8 శాతం. పైనుంచి ఎవరో ఓడలో సీసాలు పంపుతారని వాళ్లు కూర్చోలేదు. తమ నేలమీద పండే చెరకు నుంచి తీసిన ఆల్కహాల్‌తో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం హ్యాండ్ రబ్‌ను స్థానికంగానే తయారు చేసుకున్నారు. సిబ్బందికి నేర్పారు, లెక్క రాశారు, ఆ లెక్క వాళ్లకే చూపించారు. 8 శాతం 21.8 శాతమైంది. చాలా తక్కువేగా అంటారా? తక్కువే! కానీ దాదాపు మూడింతలు! మూలిగే ఆసుపత్రి మూడడుగులు వేసింది. వాళ్లకంటే ఎక్కువే ఉన్న మనం ఎన్ని వేశాం?

ఆ సూత్రం రహస్యం కాదు. పేటెంటు అడ్డం లేదు. పది లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8,333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మిల్లీలీటర్లు, 98 శాతం గ్లిజరిన్ 145 మిల్లీలీటర్లు, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. ఆల్కహాల్ క్రిములను చంపుతుంది. పెరాక్సైడ్ సీసాలో దాగిన బీజాలను చంపుతుంది, అందుకే నింపాక 72 గంటలు పక్కన పెట్టాలి. గ్లిజరిన్ చర్మం పగలకుండా కాపాడుతుంది. ఫార్మసిస్టు దగ్గరుండాలి, నిప్పు దగ్గర ఉండకూడదు, ఎక్సైజు వారి అనుమతి ఉండాలి. ఇంతే! చెరకు నాటుకున్న నేల మనది. 2020లో దేశమంతటా డిస్టిలరీలు రాత్రికి రాత్రి శానిటైజరు తయారీకి మారాయి. ఎన్నో కాలేజీల ల్యాబుల్లో విద్యార్థులే డ్రమ్ములు నింపి పంచారు. ఫార్మసీ విద్యార్థులారా, అప్పుడు చేసిన చేతులు ఇప్పుడు ఏం చేస్తున్నాయి?

తీరిక లేదు. నర్సమ్మ ఒక్కతి, మంచాలు అరవై. నేలమీద చాపలు వేరే. కాదనలేం! పని ఎంత ముంచుకొస్తే చేతుల శుభ్రత అంత తగ్గుతుందని పరిశోధనలూ చెప్పాయి. అందుకే కదా సింకు దాకా నడవకుండా మంచం పక్కనే సీసా ఉండాలన్నది! 1997లో ఒక లెక్క కట్టారు. పన్నెండు మంది పనిచేసే ఐసీయూలో నియమం తప్పకుండా ప్రతిసారీ సబ్బుతో కడిగితే ఒక షిఫ్టులో అందరి సమయమూ కలిపి 16 గంటలు ఖర్చు. హ్యాండ్ రబ్ మంచం దగ్గరే ఉంటే 3 గంటలు! రబ్బుకు కావాల్సింది 20 నుంచి 30 సెకన్లు. చేతికి కంటికి కనిపించే మురికి అంటినప్పుడు మాత్రం సబ్బూ నీళ్లే, 40 నుంచి 60 సెకన్లు. ఒక రీలు చూడటానికి ముప్ఫై సెకన్లున్న తరానికి ఒక మనిషిని బతికించడానికి ఇరవై సెకన్లు లేవా?

గ్లౌజులున్నాయి. ఉన్నాయి సరే, అవి ఎవరికోసం? ఒకే జత తొడుక్కుని పది మంచాలు తిరిగితే ఆ పది మందికీ గ్లౌజు చేసిన మేలేమిటి? చిల్లులు పడతాయి, తీసేటప్పుడు మురికి చేతికంటుతుంది. తీశాక కడగాల్సిందే. గ్లౌజు చేతికి తొడుగు, మనస్సాక్షికి తొడుగు కాదు!

నిర్లక్ష్యం మన మీదికి తిరగబడితే ఏమవుతుందో కూడా చూశాం. 2014 నుంచి 2016 దాకా ఎబోలా గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లను ఊడ్చేసింది. 11,300 మందికి పైగా చనిపోయారు. చేతులకు నీళ్లు, చాలినన్ని గ్లౌజులు, గౌన్లు లేని ఆసుపత్రుల్లో నర్సులు, డాక్టర్లు రోగుల పక్క మంచాల్లోకి చేరారు. లైబీరియా తన డాక్టర్లలో, నర్సుల్లో, మంత్రసానుల్లో సుమారు 8 శాతాన్ని పోగొట్టుకుంది. లస్సా జ్వరం వైద్యంలో సియెర్రా లియోన్‌కు పెద్ద దిక్కయిన డాక్టర్ షేక్ హుమార్ ఖాన్ 2014 జులైలో ఎబోలాతోనే చనిపోయారు. చిన్న దేశాలు, గుప్పెడు డాక్టర్లు, వాళ్లలోంచీ ఇంతమంది! ఆ చావుల్లో మన ఈడువాళ్లు ఎందరు!

తర్వాత కోవిడ్ వచ్చింది. చేతులు కడగమని ఫోను కాలర్ ట్యూన్ కూడా మొత్తుకుంది. కిరాణా కొట్టు నుంచి కలెక్టరేటు దాకా గుమ్మం గుమ్మానా శానిటైజరు. ఇప్పుడు? ఆసుపత్రి వరండాలో ఆ స్టాండు ఇంకా ఉంది. కాలితో పెడల్ తొక్కితే గాలి వస్తుంది. భయం పోయింది, దాంతోపాటు శుభ్రతా పోయింది! భయంతో నేర్చుకున్నది భయంతోనే పోతుంది. బాధ్యతతో నేర్చుకుందామా ఈసారైనా?

ఇంకా పెద్ద గండం వార్డులోనే కాచుకుని కూర్చుంది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా బలిగొన్న ప్రాణాలు ప్రపంచంలో 12.7 లక్షలని అంచనా. ఆ దెబ్బ అందరికంటే గట్టిగా తగిలింది పశ్చిమాఫ్రికాకు. క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్... పేర్లు పలకగానే నవజాత శిశువుల వార్డు కళ్లముందు మెదలడం లేదూ? కిలోన్నర బరువు బిడ్డ. బొటనవేలంత కాలు. ఆ కాలి నరంలోకి సూది. ఆ సూది పట్టుకున్న చెయ్యి అంతకుముందు ఎక్కడుంది? బిడ్డకు జ్వరం రాగానే మెరోపెనెమ్ రాస్తాం. అది పనిచేయకపోతే కొలిస్టిన్ రాస్తాం. అదీ పనిచేయకపోతే బయటికొచ్చి తండ్రితో ఇన్‌ఫెక్షన్ ఎక్కువైందని చెబుతాం. ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతామా? పేద, మధ్యాదాయ దేశాల్లో ఆసుపత్రి శుభ్రత, మంచినీళ్లు, టీకాలు సరిగా ఉంటే ఇలా మందులకు లొంగని జబ్బులతో ముడిపడ్డ మరణాల్లో ఏటా 7.5 లక్షల దాకా ఆపవచ్చని 2024లో లాన్సెట్ పత్రిక లెక్క వేసింది. వాటిలో సుమారు 3.37 లక్షలు కేవలం ఆసుపత్రుల్లో సంక్రమణలను అడ్డుకోవడం వల్లనే! కొత్త మందు కనిపెట్టడానికి పదేళ్లు. చెయ్యి కడగడానికి ఇరవై సెకన్లు. మనం దేనికోసం ఎదురుచూస్తున్నాం?

మనకు చేతకాదనే మాట మాత్రం నా దగ్గర అనకండి! మన ఊళ్ల నుంచి వెళ్లిన నర్సమ్మలు, డాక్టర్లు లండన్‌లో, దుబాయ్‌లో, డల్లాస్‌లో ఉన్నారు. అక్కడి వార్డులో మంచం మంచానికీ చేతులు రుద్దుకుంటున్నారు. ఉద్యోగంలో చేరిన వారంలోనే అలవాటైంది. అదే చెయ్యి, అదే చదువు, అదే మనిషి! అక్కడ అడిగేవాళ్లున్నారు, అందేచోట సీసా ఉంది. అక్కడ కూడా అందరూ పాటిస్తారని కాదు, 70 శాతం దాటడం వాళ్లకూ అరుదే. అయినా తొమ్మిదెక్కడ, డెబ్బై ఎక్కడ? తెల్లవాడి ప్రాణానికి కడిగే చెయ్యి మన అవ్వ ప్రాణానికి ఎందుకు కడగదు? మన అవ్వ అడగదనా? ఆమెకు అడగవచ్చని తెలియదనా?

అసలు జబ్బు ఇక్కడుంది, మిత్రులారా! మనం పుస్తకం చూసి నేర్చుకోలేదు, పెద్దవాళ్ల చేతులు చూసి నేర్చుకున్నాం. ప్రొఫెసర్ కడగలేదు, పీజీ కడగలేదు, హౌస్ సర్జన్ కడగలేదు, రేపు మన వెనకాల నిలబడబోయే స్టూడెంటు కూడా కడగడు. తరం నుంచి తరానికి ఈ మురికి వారసత్వంగా వస్తోంది. నర్సుకు తెలుసు, కానీ డాక్టరును అడగలేదు. ఆయాకు నేర్పినవాళ్లే లేరు, బిడ్డకు స్నానం చేయించేది మాత్రం ఆమే. మూత్రం సంచి ఖాళీ చేసేది, ముసలాయన్ని పక్కకు తిప్పేది రోగి వెంట వచ్చిన కోడలే, ఆమె చేతికి సబ్బుముక్క ఇచ్చినవాడు లేడు. పైనున్నవాణ్ణి అడగకూడదనే ఈ భయమే క్రిములకు రాజమార్గం! ఈ భయం తెంచడమే మన తరం తిరుగుబాటు. కత్తులక్కర్లేదు, జెండాలక్కర్లేదు. ఇరవై సెకన్లు చాలు!

ఏం చేయగలమో తెలుసా? ఫార్మసీ విద్యార్థులు రబ్ కలపగలరు. ఇంజనీరింగు విద్యార్థులు మోచేత్తో తిరిగే కుళాయి, కాలితో తొక్కే బకెట్ బిగించగలరు. కంప్యూటరు చదివినవాళ్లు ఏ వార్డులో ఎన్నిసార్లు కడిగారో లెక్క రాసే చిన్న యాప్ చేయగలరు. మైక్రోబయాలజీవాళ్లు మన వేళ్ల ముద్రలను ప్లేటు మీద వేయించి, రెండో రోజు మొలిచిన ఆ మచ్చలను సెమినార్ గదిలో అందరికీ చూపగలరు. ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోడు! నర్సింగ్ విద్యార్థినులు ఆయాలకు, రోగి బంధువులకు వాళ్ల భాషలో, వాళ్ల పక్కన కూర్చుని నేర్పగలరు. పత్రికల్లో ఉన్నవాళ్లు ప్రారంభోత్సవం ఫొటోతో పాటు కుళాయి ఫొటో కూడా వేయగలరు. సమాచార హక్కు చట్టం కింద సబ్బుకు ఎంత ఖర్చయిందో ఏ ఊరి కుర్రాడైనా అడగగలడు. హౌస్ సర్జన్లం మనం కేస్ షీట్ మోసే చేతుల్లోనే సీసా కూడా మోయగలం. రౌండ్స్‌లో ముందు నడిచే పెద్దాయన చేతిలో, ప్రతి మంచం దగ్గరా, అరచేతి నిండా రబ్ పోయగలం!

కోప్పడతారా? కోప్పడనీ! నవ్వుతారా? నవ్వనీ! వియన్నాలో నవ్వినవాళ్లకంటే వీళ్లేం గొప్పవాళ్లు కాదు. ఒకరు అడిగితే పొగరంటారు. పది మంది అడిగితే గుసగుసలాడతారు. బ్యాచ్ మొత్తం అడిగితే అది నియమమవుతుంది! మన సీనియర్లలో మంచివాళ్లు లేకపోలేదు, మనం అడగాలని ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు. అడగండి!

రేపు పొద్దున రౌండ్స్ మొదటి మంచం దగ్గర ఆగండి. "సార్, ముందు చేతులు!" అనండి. "సిస్టర్, బీరువా తాళం ఇవ్వండి" అనండి. "అమ్మా, ఇదిగో సబ్బు, ఇలా రుద్దుకో" అనండి. సూపరింటెండెంట్ గదికి గుంపుగా వెళ్లి, కుళాయిలో నీళ్లెప్పుడని అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి. ఆ మర్నాడు మళ్లీ వెళ్లండి. వార్డు గోడ మీద పెద్ద అక్షరాలతో ఈ నెల మన శాతం ఎంతో రాయండి. తొమ్మిదైతే తొమ్మిదనే రాయండి! దాచకండి! వచ్చే నెల దాన్ని కొట్టేసి ఇరవై రాయండి, ఆపై నెల నలభై రాయండి! కంపాలా రాస్తుంది, బమాకో రాస్తుంది, మన జిల్లా ఆసుపత్రీ రాయాలి!

లేవండి, నా తరం డాక్టర్లారా, నర్సులారా, టెక్నీషియన్లారా! మనకంటే ముందువాళ్లు మనకిచ్చింది ఖాళీ సీసా, తాళం వేసిన బీరువా, తలదించుకునే అలవాటు. మన వెనకవాళ్లకు మనం ఇచ్చేది అదేనా? కాకూడదు! పద్ధతి మారదన్నవాళ్లకు పద్ధతి మార్చి చూపిద్దాం! పేద దేశంలో ఇంతే అన్నవాళ్ల నోరు మన వార్డు గోడ మీది అంకెతో మూయిద్దాం! కడుగుదాం! కడిగిద్దాం! సబ్బివ్వని సర్కారును నిలదీద్దాం! కాన్పుకొచ్చిన ఏ తల్లీ, సూది గుచ్చిన ఏ బిడ్డా మన చేతుల వల్ల చావకూడదని శపథం చేద్దాం! శపథం చేశామా, ఇక ఆలస్యమెందుకు? మొదటి మంచం దగ్గరే మొదలుపెడదాం, ఇవాళే, ఈ షిఫ్టులోనే!